కొలతలు ముందు, కుందేలు తర్వాత



మూడేళ్ల కిందట మా చిన్నమ్మాయి ఉద్యోగానికని బెంగళూరు వెళ్లిపోయింది. ఇల్లు బోసిపోయింది. ఒక కుందేలును తెచ్చుకుందామా అన్నాను మా ఆయనతో. కొనుక్కుని కాదు. ఎవరో పెంచలేక పార్కుల్లో, రోడ్ల పక్కన వదిలేసిన కుందేళ్లను చేరదీసి, వైద్యం చేయించి, మంచి ఇల్లు చూసి అప్పగించే పిల్లలు కొందరు హైదరాబాదులో ఉన్నారని విన్నాను. నంబరు సంపాదించి ఫోను చేశాను. అవతల ఒక చదువుకునే అమ్మాయి. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "ఆంటీ, కుందేలు ఉండబోయే చోటు కొలతలు పంపిస్తారా? పొడవు, వెడల్పు, ఎత్తు. కింద నేల ఏ రకమో, మే నెల మధ్యాహ్నం ఆ గదిలో వేడి ఎలా ఉంటుందో కూడా రాయండి. వీలైతే వీడియో తీసి పంపండి" అంది.

నాకు మనసు చివుక్కుమంది. దిక్కులేని జీవానికి ఇంత తిండి పెడతామని ముందుకొస్తే ఇన్ని ఆరాలా అనిపించింది. మా ఆయన మాత్రం, "పిల్లనిచ్చేవాళ్లు ఇల్లు చూసుకోరా ఏంటి? అడగనీ" అన్నారు. సరేనని టేపు తీసి హాలు కొలవడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి అడిగిన ఒక్కొక్క ప్రశ్న వెనకా ఒక్కొక్క కుందేలు పడిన బాధ ఉందని నాకు తెలియడానికి ఆ తర్వాత రెండు నెలలు పట్టింది. ఆ సంగతే మీతో చెప్పుకోవాలని ఇవాళ వచ్చాను.

ముందు ఒక చిన్న విషయం. మనం కుందేలు అని ఒకే పేరు పెట్టి రెండు వేరు వేరు జంతువులను పిలుస్తున్నాం. సాయంత్రం పూట జొన్నచేల గట్ల మీద చెంగున దూకి మాయమయ్యేది ఒకటి. తెలంగాణ పల్లెల్లో చెవులపిల్లి అంటారే, అది. మన నేలలో పుట్టి పెరిగిన జంతువు. అది బొరియ తవ్వుకోదు. గడ్డి దుబ్బు పక్కన నేలకు కరుచుకుని పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. దాన్ని పట్టకూడదు, ఇంట్లో పెంచకూడదు. ఇక బజారులో బుట్టల్లో అమ్మేది రెండోది. స్పెయిన్, పోర్చుగల్ వైపు అడవుల్లో ఉండే కుందేళ్ల సంతతి. నేలలో బొరియలు తవ్వి, గుంపులు గుంపులుగా కాపురం ఉండే జాతి. దాని పిల్లలు కళ్లు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి. పది రోజులకు గానీ కళ్లు తెరవవు.

ఈ తేడా తెలియకపోవడం ఎంత పని చేస్తోందో చూడండి. పెంచలేకపోయినవాళ్లు, "అడవి జంతువే కదా, పచ్చగా ఉన్నచోట వదిలితే దాని బతుకు అది బతుకుతుంది" అనుకుని తెల్ల కుందేలును తెచ్చి చెరువు గట్టునో, పార్కులోనో దింపి వెళ్లిపోతారు. వాళ్లు దయ చూపిస్తున్నామనే అనుకుంటారు. పచ్చగడ్డిలో తెల్లటి ఒళ్లు ఆమడ దూరానికి కనిపిస్తుంది. పుట్టినప్పటి నుంచీ బోనులో ఉన్న దానికి ఎటు పారిపోవాలో తెలియదు. మన ఎండ దాని ఒంటికి పడదు. కుక్కలు చూడకముందే ఎవరో ఒకరు చూస్తే బతికినట్టు. మా ఇంటికి వచ్చిన కుందేలు, ముత్యం, అలా బతికిందే. బోనుతో సహా ఒక పార్కు గోడ పక్కన పెట్టి పోయారు.

ఇదంతా బుట్ట దగ్గర మొదలవుతుంది. తల్లి పాలు మానక ముందే, గుప్పిట్లో పట్టేంత ఉన్నప్పుడే పిల్లల్ని అమ్మకానికి పెడతారు. "ఇంతకంటే పెరగదమ్మా" అంటారు. మన దగ్గర ఎర్ర కళ్లతో కనిపించే తెల్ల కుందేళ్లలో చాలావరకు న్యూజిలాండ్ వైట్ జాతివి. పెరిగితే 4, 5 కిలోలు తూగుతాయి. 8 నుంచి 12 ఏళ్లు బతుకుతాయి. మూడో తరగతి పిల్లాడి పుట్టినరోజుకు కొన్న కుందేలు, ఆ పిల్లాడు ఇంటర్ పరీక్షలు రాసేనాటికి కూడా ఆ ఇంట్లోనే ఉండాలన్నమాట. కొన్ననాటి బోను మాత్రం మారదు.

ముత్యంతో పాటు దాని బోను కూడా మాకు చూపించారు. నేనే కొలిచాను. 2 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఎత్తు అడుగుంబావు. ముత్యం అప్పటికి 3 కిలోల పైన ఉంది. అందులో అది ఒళ్లు చాచి పడుకుంటే ముక్కు ఒక వైపు, వెనక కాళ్లు ఇంకో వైపు తగిలేవి. నిలబడటానికి లేదు. ఎన్నాళ్లు ఉందో అందులో, పాపం.

కుందేలు శరీరం ఎలా కట్టి ఉంటుందో తెలిస్తే, ఆ బోను దాన్ని ఏం చేసి ఉంటుందో అర్థమవుతుంది. దాని బలమంతా వెనక కాళ్లలో ఉంటుంది. ఎముకలు మాత్రం బహు పల్చన. పిల్లి బరువులో ఎముకల వాటా నూటికి 12, 13 పాళ్లు. కుందేలుకు 7, 8 పాళ్లే. పరుగు కోసం, దూకుడు కోసం తేలిగ్గా అమరిన ఒళ్లు అది. అలాంటిది పరుగెత్తకపోతే ఆ కాస్త ఎముకలూ గుల్లబారతాయి, వెన్ను వంగిపోతుంది. ఎత్తుకున్నప్పుడు భయపడి గట్టిగా తన్నుకుంటే, సొంత కాళ్ల బలానికే వెన్నెముక విరిగిన కుందేళ్లు ఉన్నాయి. అందుకే ఎత్తుకుని ముద్దు చేయడం దానికి ఇష్టం ఉండదు. పిల్లలున్న ఇంట్లో ఈ మాట ముందే చెప్పి తీరాలి. నేల మీద కూర్చుంటే అదే దగ్గరకు వస్తుంది. అప్పుడు నిమరొచ్చు.

మరి ఎంత చోటు కావాలి? ఈ లెక్క మీద ఎక్కువ పనిచేసినవాళ్లు బ్రిటన్‌లో ఉన్నారు. రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ అండ్ ఫండ్ అనే సంస్థ రెండు కుందేళ్లకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉండాలంటుంది. మన లెక్కలో సుమారు పదడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల పైచిలుకు ఎత్తు. ఆ చోటంతా ఒక్కటిగా కలిసి ఉండాలి. రాత్రీ పగలూ వాటికి అందుబాటులో ఉండాలి. "పగలంతా బోనులో ఉంచి, సాయంత్రం ఓ గంట వదులుతాం" అంటే ఒప్పుకోరు. కుందేలుకు ఒళ్లు ఊరుకోనిది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. మనం లేచి తలుపు తీసేసరికి దాని పరుగుల వేళ దాటిపోయి ఉంటుంది.

ఆ దేశంలో కూడా ఎన్నో తరాలు కుందేలును చెక్కపెట్టెల్లోనే ఉంచారు. విక్టోరియా రాణి కాలంలో మాంసం కోసం పెంచేవాళ్లు. కొద్ది నెలల్లో కోసేదానికి చోటెందుకని చిన్న పెట్టె చేశారు. కాలం మారింది, కుందేలు ఇంట్లో బిడ్డ అయింది, పెట్టె మాత్రం అలాగే ఉండిపోయింది. పెట్టె ఒక్కటీ చాలదని చెప్పడానికి ఆ సంస్థ ఏళ్ల తరబడి ప్రచారం చేయాల్సి వచ్చింది. మన దగ్గర ఆ పెట్టె చరిత్ర లేదు. అయినా కోళ్లకు, చిలకలకు అమ్మే ఇనప బోనుల్నే కుందేళ్లకూ అమ్ముతున్నారు. కోడికైనా చాలని బోను అది.

మీటరు ఎత్తు ఎందుకో ముత్యాన్ని చూశాకే తెలిసింది. కుందేలు చప్పుడు వినగానే వెనక కాళ్ల మీద నిటారుగా లేచి, చెవులు నిక్కబొడుచుకుని నాలుగు దిక్కులూ చూస్తుంది. చెవుల కొనలు పైకప్పుకు తగలకూడదు. పదడుగులు ఎందుకంటే మూడు నాలుగు దూకుళ్లకే అవి అయిపోతాయి కాబట్టి. ఎక్కువేమీ కాదు, కనీసం.

మా హాలు 18 అడుగులు. సోఫాను గోడకు జరిపి, ఎవరూ కూర్చోని పెద్ద కుర్చీ ఒకటి మా ఆడపడుచుకు ఇచ్చేసి, ఉత్తరం వైపు మూలన పదడుగులు, ఏడడుగులు తీసి పెట్టాం. చుట్టూ దడి కట్టడానికి కుక్కపిల్లలకు వాడే ఇనప ప్యానెళ్లు తెచ్చాం. మొదట 2 అడుగుల ఎత్తువి తెచ్చాం. ముత్యం కుదురుగానే ఉంది. తర్వాత వచ్చిన బెల్లం, గోధుమరంగు మగది, రెండో రాత్రే ఆ దడి దూకి వంటింట్లోకి పోయింది. తెల్లారి చూస్తే ఫ్రిజ్ వెనక ఇరుక్కుని కూర్చుంది. వైరు దగ్గర పంటి గాట్లు. దానికి ఏమీ కాలేదు కాబట్టి సరిపోయింది. అవి మార్చేసి 3 అడుగులవి కట్టాం.

ఈ వైర్ల సంగతి మీకు గట్టిగా చెప్పాలి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరకడం దాని అల్లరి కాదు, అవసరం. బొరియలో అడ్డొచ్చిన వేళ్లను కొరికి దారి చేసుకునే జాతి. నేల మీద పాకే వైరు దానికి ఒక వేరే. ఫోను చార్జరు, టీవీ వైరు, హాలులో ఉన్నవన్నీ ప్లాస్టిక్ కేసింగ్‌లో పెట్టి గోడకు కొట్టించాకే మాకు ముత్యాన్ని ఇచ్చారు. ఎలక్ట్రీషియన్ వచ్చి పని చేస్తున్నప్పుడు కూడా ఆ అమ్మాయి వీడియో అడిగింది. అప్పటికి నాకు కోపం పోయింది.

ఇక నేల. దీని గురించి ఎవరూ ఆలోచించరు, కుందేళ్లు ఎక్కువ బాధపడేది దీని వల్లే. కుక్కకు, పిల్లికి పాదాల కింద మెత్తటి దిండ్లలాంటివి ఉంటాయి. కుందేలుకు ఉండవు. ఉన్నది దట్టమైన బొచ్చు, దాని కింద పల్చటి చర్మం, అంతే. పెంటికలు కిందికి రాలిపోవడానికని వేసే తీగల నేల మీద రోజంతా కూర్చుంటే మడమల దగ్గర బొచ్చు ఊడి, చర్మం ఒరిసి పుండు పడుతుంది. ముత్యాన్ని మొదటిసారి ఆ అమ్మాయి ఒళ్లో వెల్లకిలా పట్టుకుని చూపించింది. తెల్లటి కాళ్లు, మూత్రంలో నాని నాని పసుప్పచ్చగా అయిపోయాయి. ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత మేర బొచ్చు లేదు. ఎర్రగా, తడిగా, నడుమ చిన్న పగులు. మందు రాస్తుంటే కాలు వెనక్కి లాక్కోలేదు. పళ్లు మాత్రం కటకటలాడించింది. కుందేలు నొప్పికి సాధారణంగా అరవదు, పళ్లు గట్టిగా నూరుతుంది. వేటాడే జంతువుకు తన ఉనికి తెలియకుండా నొప్పిని మింగి బతికిన జాతి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

తీగల నేల తీసేస్తే సరిపోతుందనుకోకండి. మన ఇళ్లలో గచ్చు పోయి అన్నీ నున్నటి టైల్సు వచ్చాయి. ఆ నునుపు మీద కుందేలు కాలు నిలవదు. పక్కకు జారిపోతుంది, తుంటి దగ్గర పట్టేస్తుంది. భయపడి ఒక మూలనే కూర్చుండిపోతుంది. చూసేవాళ్లు "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు. మేము కింద పాత దుప్పటి మడతపెట్టి, దాని మీద గోనెపట్టాలు పరిచాం. గోనె కొరికినా ఇబ్బంది తక్కువ. మరీ పోగులు పోగులుగా పీకి మింగుతుంటే మార్చేయాలి. ప్లాస్టిక్ చాపలు మాత్రం వద్దు. ప్లాస్టిక్ ముక్క పేగులో అడ్డుపడితే కుందేలు కక్కలేదు. దానికి వాంతి చేసుకునే వీలు పుట్టుకతోనే లేదు.

ఇప్పుడు ఎండ దగ్గరికి వద్దాం. బ్రిటన్ వాళ్ల కొలతలు మనం తీసుకోవచ్చు, వాళ్ల వాతావరణం తీసుకోలేం. అక్కడ దడి ఆరుబయట, తోటలో వేస్తారు. మన దగ్గర అలా చేస్తే ఏప్రిల్ దాటదు. కుందేలుకు చెమట పట్టదు. కుక్కలా నాలుక చాచి రొప్పి వేడి దించుకోలేదు. ఉన్న ఆధారం ఆ పొడవాటి చెవులే. వాటిలోని రక్తనాళాల్లో రక్తం పారుతూ వేడిని బయటికి వదులుతుంది. చుట్టూ గాలే వేడెక్కిపోతే చెవులు ఏం చేస్తాయి? 30 డిగ్రీలు దాటితే కుందేలుకు ప్రమాదం మొదలవుతుంది. మన మే నెలలో 42, 43 మామూలు. ఇంటి మీద రేకుల షెడ్డులో బోను పెట్టి, నీళ్లు పెట్టి వచ్చాం కదా అనుకుంటారు. మధ్యాహ్నం ఆ రేకు కింద చెయ్యి పెట్టి చూడండి. బాల్కనీ అయినా అంతే. పడమటి ఎండ పడే బాల్కనీ పొయ్యి లాంటిది. పైగా గద్దలు, కాకులు, పిల్లులు, కొన్ని పేటల్లో కోతులు. ఇవేవీ బోను లోపలికి రాకపోయినా, దగ్గరికి వచ్చి కూర్చున్నా, ఆ భయానికే ఒక్కోసారి గుండె ఆగి చచ్చిపోయే జీవం అది.

అందుకే ఆ అమ్మాయి ఫోనులో "మే నెల మధ్యాహ్నం" అని ప్రత్యేకంగా అడిగింది. మా హాలు మూల ఉత్తరం వైపు. ఎండ నేరుగా పడదు. అయినా గోడ మీద ఉష్ణోగ్రత చూసే చిన్న గడియారం ఒకటి పెట్టాం. 28 దాటగానే కూలరు. హైదరాబాదు ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి కూలరు పనిచేస్తుంది. కోస్తాలో ఉన్నవాళ్లకు, ఆ ఉక్కపోతలో కూలరు చెమ్మను పెంచడమే తప్ప చల్లబరచదు. అక్కడ ఏసీ ఉన్న గది ఉంటే తప్ప కుందేలును తెచ్చుకోవద్దని నా మాటగా చెబుతున్నాను. ఫ్యానుతో సరిపెట్టుకుందామంటే, చెమట పట్టని ఒంటికి ఫ్యాను గాలి వల్ల పెద్దగా ఒరిగేది లేదు.

మరి కరెంటు పోతే? లీటరు నీళ్ల సీసాలు నాలుగు ఎప్పుడూ డీప్ ఫ్రిజ్‌లో ఉంటాయి మా ఇంట్లో. గడ్డకట్టిన సీసాకు పాత తువ్వాలు చుట్టి దడిలో పెడితే, పావుగంటలో బెల్లం వచ్చి దానికి వీపు ఆనించి పడుకుంటుంది. కిటికీకి వట్టివేరు తడక కట్టాం. నా చిన్నప్పుడు మా అమ్మ మా ఊళ్లో కట్టేది. నీళ్లు చల్లితే గది చల్లబడి, ఇల్లంతా ఆ వాసన. వెడల్పు మూతి ఉన్న పెద్ద మట్టికుండను పక్కకు పడుకోబెట్టి, పైన తడిగుడ్డ కప్పాం. ముత్యానికి అది మధ్యాహ్నపు పడకగది. కుందేలు నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, చెవులు కాలుతుంటే, కాళ్లు చాపి కదలకుండా పడి ఉంటే అది వడదెబ్బ. చల్లటి నీళ్లతో చెవులు తడపాలి. మంచునీళ్లు కాదు, నీళ్లలో ముంచడం అసలే కాదు. తడుపుతూనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

దాక్కునే చోటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బొరియ జంతువుకు చీకటి మూల కావాలి. అట్టపెట్టె చాలు, దానికి ఎదురెదురుగా రెండు తలుపులు కోయండి. ఒక్క దారి ఉంటే, ఇంకో కుందేలు ఎదురొచ్చినప్పుడు లోపలిది చిక్కుకుపోతుంది. అంతే తేడా, కానీ పెద్ద తేడా.

ఇంకో కుందేలు అన్నాను. ఒంటరి కుందేలును ఇవ్వడానికి ఆ పిల్లలు ఇష్టపడరు. గుంపులో పుట్టిన జీవం, మనం ఎంత ముద్దు చేసినా దాని భాష మాట్లాడలేం. ముత్యానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయి, పూర్తిగా కోలుకున్నాక బెల్లాన్ని తెచ్చారు. దానికీ ఆపరేషన్ అయింది. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా ఆరు వారాల వరకు సంతానం కలిగే అవకాశం ఉంటుందట, అందుకని ఆ గడువు దాటేదాకా ఆగారు. కుందేలు 31 రోజులకు ఈనుతుంది, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. ఇంకో బుట్టెడు పిల్లలు రోడ్డున పడకూడదనే ఈ జాగ్రత్తంతా. ఆడదానికి ఆపరేషన్ చేయించకపోతే వయసు మీద పడ్డాక గర్భసంచి క్యాన్సర్ వచ్చే ప్రమాదం కూడా ఎక్కువ. రెంటినీ తెచ్చిన రోజునే కలిపి వదలకూడదు. దడికి అటూ ఇటూ ఉంచి, వాసన అలవాటయ్యాక, ఇద్దరికీ కొత్తదైన చోట, మా విషయంలో అది స్నానాల గది ముందు వరండా, రోజూ కాసేపు కలిపాం. పన్నెండో రోజున బెల్లం తల వంచి ముత్యం ముక్కు కింద పెట్టింది. ముత్యం దాని నుదురు నాకింది. ఆ రాత్రి నడుమ ఉన్న ప్యానెలు తీసేశాం.

తిండి కోసం వేరే ప్రసంగం కావాలి. ఇంటి ఏర్పాటుకు సంబంధించింది మాత్రం చెబుతాను. కుందేలు పొట్టకు రోజంతా గడ్డి కదులుతూ ఉండాలి. 12 గంటలు ఏమీ తినకపోతే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. అందుకని గడ్డి బుట్ట ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఆ బుట్ట మలవిసర్జన తట్ట పక్కనే ఉండాలి, ఎందుకంటే తింటూనే పెంటికలు వేయడం దాని అలవాటు. ఆ అలవాటే మనకు మేలు, తట్టలోనే వేయడం త్వరగా నేర్చుకుంటాయి. తట్టలో పాత పేపర్లు, పైన ఎండుగడ్డి. వడ్రంగి దగ్గరి రంపపు పొట్టు వద్దు, దుమ్ము ముక్కుకెక్కుతుంది. వరిగడ్డిలో సారం తక్కువ, పరుపుగా పనికొస్తుంది. తినడానికి ఎండబెట్టిన గరిక మేలు. వినాయకచవితికి తెచ్చే అదే గరిక, మందులు కొట్టని చోట కోసినదైతే. నీళ్లు సీసాలో కంటే బరువైన మట్టి మూకుడులో పెడితే ఎక్కువ తాగుతాయి.

పల్లెటూళ్లలో, సొంత పెరడు ఉన్నవాళ్లు అడుగుతుంటారు, మాకు చోటుకేం కొదవ అని. నిజమే, వాళ్ల దగ్గర చెట్టు నీడలో పెద్ద దడి వేయొచ్చు, చలికాలం పొద్దుట పూట కుందేలుకు అంతకంటే సుఖం లేదు. కానీ కోళ్లకు కట్టే పల్చటి షడ్భుజాల వల పనికిరాదు. కుక్క ఒక్క పీకు పీకితే చిరిగిపోతుంది, కుందేలే కొరికేస్తుంది. 16 గేజి వెల్డెడ్ మెష్ కావాలి. కన్నాలు అంగుళానికి మించకూడదు. అది కూడా అడుగున నేలలోకి దిగాలి, లేకపోతే లోపలి నుంచి కుందేలు, బయటి నుంచి పందికొక్కు తవ్వుతాయి. ముంగిసలు, పాములు ఉన్న పెరట్లో రాత్రి పూట బయట ఉంచనే కూడదు. ఇంట్లో ఒక గది వాటికి తప్పదు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లను యజమాని ఒప్పుకున్నట్టు కాగితం అడుగుతారు. ఇది కొందరికి కష్టంగా తోస్తుంది. కానీ ఇల్లు మారినప్పుడు వదిలేసిన కుందేళ్లే వాళ్ల దగ్గరికి ఎక్కువగా వస్తాయట. సంక్రాంతికి ఊరెళితే ఎవరు చూస్తారు, కుందేళ్లకు వైద్యం తెలిసిన డాక్టరు మీకు ఎంత దూరంలో ఉన్నారు అనీ అడుగుతారు. కుక్కలకు, పశువులకు చూసే డాక్టర్లు చాలామంది ఉన్నారు. కుందేలు సంగతి వేరు. కుక్కల పిడుదులకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కుందేలుకు విషం. అది తెలిసిన డాక్టరును ముందే వెతికి పెట్టుకోవాలి.

చట్టం కూడా ఈ విషయంలో మూగగా ఏం లేదు. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం 1960లో వచ్చింది. అందులో 11వ సెక్షను ప్రకారం, జంతువు తగినంతగా కదలడానికి వీల్లేని కొలతల బోనులో దాన్ని బంధించడం నేరం. ఆకలి దప్పులకు గురయ్యే పరిస్థితిలో అకారణంగా వదిలేసి పోవడం కూడా అదే సెక్షను కింద నేరం. పొడవు, వెడల్పు, ఎత్తు అనే మాటలు ఆ సెక్షనులోనే ఉన్నాయి. ఆ అమ్మాయి ఫోనులో నన్ను ముందుగా అడిగినవీ ఆ మూడే.

ముత్యం మా ఇంటికి వచ్చిన కొత్తలో పదడుగుల చోటులో రెండడుగులే వాడుకునేది. నిజంగా అంతే. అలవాటైన బోను కొలత దాని ఒంట్లో ఉండిపోయింది. అట్టపెట్టె నుంచి గడ్డి బుట్ట దాకా వచ్చి, మళ్లీ వెనక్కి తిరిగిపోయేది. దడిలో మిగతా చోటంతా ఖాళీగా ఉండేది. చూసి మా ఆయన, "ఇంత చోటు అక్కర్లేదేమోనే దీనికి" అన్నారు కూడా. మడమ పుండు మానింది, బొచ్చు మొలవసాగింది. రోజుకు ఒక గోనెపట్టా దూరం చొప్పున ముందుకు వచ్చేది. ఇరవై రెండో రోజు తెల్లవారుజామున, ఇంకా నాలుగున్నర కాలేదు, హాలులో దబదబమని చప్పుడు. పిల్లి దూరిందేమోనని లేచి వెళ్లాను. లైటు వేయలేదు. వీధి దీపం వెలుతురులో ముత్యం దడి ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తింది. అక్కడ తిరిగి, మళ్లీ పరుగెత్తి, నడుమ గాల్లోకి ఎగిరి, తల ఒక పక్కకు, నడుము ఇంకో పక్కకు మెలితిప్పి దిగింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ. కుందేళ్లు పెంచేవాళ్లు ఈ గంతును బింకీ అంటారు. సంతోషం పట్టలేనప్పుడు వేస్తాయట. నేను తలుపు పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నాను. పుట్టినప్పటి నుంచీ ఆ కాళ్లలో ఆ పరుగు ఉంది. అది వేయడానికి పదడుగుల నేల దొరకలేదు, అంతే.

మర్నాడు కూడా వేస్తుందని ఫోను పట్టుకుని కూర్చుని, నాలుగో రోజుకు గానీ వీడియో తీయలేకపోయాను. ఆ అమ్మాయికి పంపాను. చాలాసేపు జవాబు రాలేదు. తర్వాత, ముత్యాన్ని ఇవ్వడానికి వచ్చినప్పుడు తనే మా హాలులో కూర్చుని మడమకు మందు రాసిన ఫోటో ఒకటి పంపి, ఏమీ రాయకుండా ఊరుకుంది.

మొన్న మళ్లీ ఫోను చేసింది. "ఆంటీ, ఇంకో జత వచ్చింది. అక్కాచెల్లెళ్లు, విడదీయలేం. మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా పదడుగుల చోటు ఉందేమో కనుక్కుంటారా?" అంది. మా కింది ఫ్లాటులో ఇద్దరు పెద్దవాళ్లు ఉంటారు, రోజూ సాయంత్రం పైకి వచ్చి బెల్లానికి కొత్తిమీర పెట్టి వెళతారు. నిన్న టేపు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. పొడవు సరిపోయింది. వెడల్పుకు షోకేసు ఒకటి జరపాలి, జరుపుతామన్నారు. హాలు కిటికీ పడమటి వైపు ఉంది, దానికి వట్టివేరు తడక కట్టించాలి. టైల్సు మీద పరచడానికి గోనెపట్టాలు మా ఇంట్లో నాలుగు మిగిలి ఉన్నాయి. రేపు ఆదివారం అవి తీసుకెళ్లి పరిచి, వీడియో తీసి పంపాలి.